డైపర్ గంటకే కారిపోతోందా? కొత్తది కొనేముందు తూకం వేయండి

పసిపిల్లల పెంపకం: మీ ఉత్తరాలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఊర్లు వేరైనా గోడు ఒకటే. పిల్ల మూత్రం ఎక్కువ పోస్తుంది, గుడ్డ డైపర్ ఆగడం లేదు, ఏ రకం కొనాలి అని. ఏ రకమో చెప్పేముందు మేము అడిగేది ఒకటుంది: కారింది ఎక్కడ, తడిసింది ఎంత? ఆ రెండూ తెలిస్తే సగం ఇళ్లల్లో కొత్తది కొనే పనే ఉండదు.

మా బాబుకు ఏడు నెలలు, ఎనిమిదిన్నర కిలోలు ఉన్నడు. పాకెట్ డైపర్ల మైక్రోఫైబర్ ప్యాడ్ పెట్టి వేస్తున్నం. గంట కాకముందే తొడల పక్క నుంచి కారుతుంది. రెండు ప్యాడ్లు పెట్టినా అంతే. దుకాణాయన వెదురు ప్యాడ్లు తీసుకోమంటున్నడు, ధర చూస్తే మస్తుంది. కొనాల్నా?
– ఒక తల్లి, మిర్యాలగూడ

కొనొచ్చు, కానీ ఇప్పుడే వద్దు. (పాకెట్ డైపర్ అంటే బయట నీళ్లాపే కవర్, లోపల మెత్తటి గుడ్డ, రెంటి మధ్య ప్యాడ్ దూర్చే సంచి.) రెండు ప్యాడ్లు పెట్టినా గంటకే కారుతోందంటే చాలకపోయింది గుడ్డ కాకపోవచ్చు. మళ్లీ కారినప్పుడు ప్యాడ్లు బయటికి తీసి చేత్తో తడిమి చూడండి. ముందు భాగం తడిసి ముద్దయి, వెనక సగం పొడిగా ఉందా? అయితే పెట్టిన తీరులోనో, తొడ దగ్గర పట్టులోనో తేడా ఉంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా పిండితే కారేలా ఉందా? అప్పుడు చాలలేదనుకోవాలి.

ఇక తూకం. వంటింటి చిన్న త్రాసు మీద పొడి ప్యాడ్ బరువు ఒకసారి రాసిపెట్టుకోండి. తడిసిన దాన్ని పాలిథిన్ కవర్‌లో వేసి మళ్లీ తూచండి. పెరిగిన ఒక్కో గ్రాము దాదాపు ఒక్కో మిల్లీలీటరు. రెండు రోజులు ఇలా రాస్తే మీ బాబు లెక్క మీకే తెలుస్తుంది. మామూలుగా ఈ వయసు పిల్లలు కిలో బరువుకు గంటకు 2 నుంచి 3 మి.లీ. పోస్తారు. ఎనిమిదిన్నర కిలోలకు గంటకు 17 నుంచి 25 మి.లీ. అన్నమాట. మూత్రాశయంలో ఒక్కసారికి పట్టేది 50–60 మి.లీ. ఎక్కువ పోసే పిల్లవాడు గంటలో ఆ అరవై మొత్తం పోశాడనుకున్నా, మంచి ప్యాడ్ ఒక్కటే దాన్ని ఆపాలి. రెండున్నా ఆగలేదంటే దారి ఇంకెక్కడో ఉంది.

మైక్రోఫైబర్ అంటే సన్నగా చీల్చిన పాలిస్టర్ పోగులు. నీళ్లు పోగు లోపలికి పోవు, పోగుల మధ్య సందుల్లో నిలుస్తాయి. స్పాంజిలాగా గబుక్కున తాగుతుంది, నొక్కితే అంతే గబుక్కున వదిలేస్తుంది. బాబును చంకన ఎత్తుకుంటే మీ నడుము ఎముక సరిగ్గా ఆ ప్యాడ్‌నే నొక్కుతుంది. కారు సీటు, బిగుతు పైజామా, బోర్లాపడి పాకడం, అన్నీ అదే పని చేస్తాయి. నూలు, వెదురు, గంజాయి జాతి మొక్క నారతో నేసే హెంప్ గుడ్డలు నీటిని పోగులోకి తీసుకుంటాయి కాబట్టి నొక్కినా అంత తేలిగ్గా వదలవు. కానీ ఇవి నిదానంగా తాగుతాయి, హెంప్ మరీ నిదానం. ఒక్కసారిగా వచ్చిన ధారను అందుకునేలోపే అది పక్కకు జారిపోతుంది. అందుకే పైన గబుక్కున తాగేది, కింద పట్టి ఉంచేది పెట్టాలి. మైక్రోఫైబర్ పైన, నూలు లేదా వెదురు కింద. ఈ వరుస తిరగబడితే రెండు ప్యాడ్లున్నా కారుతుంది. మైక్రోఫైబర్ మాత్రం ఎప్పుడూ పాకెట్ లోపలే ఉండాలి. నేరుగా ఒంటికి తగిలితే చర్మంలోని తడిని కూడా లాగేసి మంట పుట్టిస్తుంది.

మగపిల్లలు ముందుకు పోస్తారు. ప్యాడ్ ముందు చివరను నాలుగు వేళ్ల వెడల్పు వెనక్కి మడిస్తే అక్కడ పొర రెట్టింపవుతుంది. వేసేటప్పుడు అంగం కిందికి ఉండేలా సర్దండి. పైకి ఉంటే ధార నేరుగా నడుము పట్టీలోంచి బయటికి వస్తుంది. ఆడపిల్లలకు మడత మధ్యలో కావాలి. వెల్లకిలా పడుకున్నప్పుడూ, చీర తొట్టెలలో వేసినప్పుడూ నడుము కుంగి మూత్రం వీపు వైపు పారుతుంది, అప్పుడు మడత వెనక్కి రావాలి.

ఇప్పుడు పట్టు సంగతి. రెండు మందపు ప్యాడ్లు పెడితే డైపర్ ఉబ్బి తొడ దగ్గర సందు పడుతుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు: పొర పెంచామనుకుంటారు, పెరిగింది సందు. ఎలాస్టిక్ తొడ మీద కాదు, గజ్జ మడతలో కూర్చోవాలి. బాబును పడుకోబెట్టి మోకాలు పైకెత్తి చూడండి. ఎలాస్టిక్‌కూ చర్మానికీ మధ్య వెలుతురు కనబడితే ముందువైపు టిచ్ బటన్లను ఒక వరుస బిగించండి. నడుము దగ్గర రెండు వేళ్లు దూరితే చాలు. తీశాక లేత ఎర్రగీత పడితే ఫర్వాలేదు. గీత లోతుగా పడి అరగంటైనా పోకపోతే బిగుతు. ప్యాడ్ అంచు గానీ, లోపలి మెత్తటి గుడ్డ గానీ కవర్ దాటి దారమంత బయటికి వచ్చినా చాలు, ఆ అంచు దీపం వత్తిలా తడిని చొక్కాకు ఎక్కిస్తుంది. బట్ట తడిసింది కానీ డైపర్ నిండలేదు అనేవాళ్లు ముందు చూడాల్సింది ఈ అంచునే.

ఇవన్నీ సరిచేశాక ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. పాత నూలు తువ్వాల కోసి, ప్యాడ్ కొలతకు నాలుగు మడతలు పెట్టి, మైక్రోఫైబర్ కింద మూడు రోజులు వాడి చూడండి. కారడం ఆగితే అప్పుడు వెదురో, నూలో పలుచటి బూస్టర్ (ప్యాడ్ కింద అదనంగా పెట్టే పట్టీ) ఒక్కటి కొనండి. ఒక్కటే. ఆరింటి సెట్టు కాదు. పొట్లం మీద వెదురు అని పెద్దక్షరాల్లో ఉన్నా లేబుల్ చదవండి. అది వెదురు గుజ్జును రసాయనాల్లో కరిగించి తీసిన విస్కోస్, అందులోనూ చాలాసార్లు పాలిస్టర్ కలిసి ఉంటుంది. పాలిస్టర్ వంతు ఎంత తక్కువైతే మీ డబ్బుకు అంత న్యాయం. కొత్త ప్యాడ్ మొదటిరోజే పూర్తిగా తాగదు, నూలుకు సహజంగా ఉండే మైనం వదలాలి. ఐదారుసార్లు ఉతికి ఆరేశాకే దాని గురించి మాట్లాడాలి. మొదటి వాడకంలోనే కారిందని తిరిగిచ్చిన ప్యాడ్లలో మంచివి ఎన్నో!

మాది దేవరకొండ దగ్గరి పల్లె. మొదట మూడు నెలలు డైపర్లు మంచిగనే పనిచేసినయి. ఇప్పుడు నీళ్లు పోస్తే పైననే నిలుస్తున్నయి. పొద్దున తీస్తే కండ్లు మండేటంత వాసన. బోరు నీళ్లతోని ఉతుకుతం. ఫ్లోరైడ్ వల్లనా?
– ఒక తల్లి, నల్లగొండ జిల్లా

ఫ్లోరైడ్ మన జిల్లా పాత బాధే, అది తాగే నీళ్ల సంగతి. డైపర్‌ను పాడుచేసేది కాల్షియం, మెగ్నీషియం, అంటే నీళ్లలో కరిగి ఉన్న సున్నం లాంటి ఉప్పులు. మీ బకెట్ అంచున తెల్లటి పొర గట్టిపడిందా? సబ్బు ఎంత రుద్దినా నురగ రావడం లేదా? అయితే అవే ఉప్పులు సబ్బుతో కలిసి జిడ్డు తెట్టెగా మారి పోగులకు అంటుకుంటున్నాయి. ఆ తెట్టె కింద పాత మూత్రం చిక్కుబడి ఉంటుంది. రాత్రంతా వెచ్చగా తడిస్తే సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. మీ కళ్లు మండించేది అదే.

ముందు ఒక పరీక్ష. పొడి ప్యాడ్ మీద చెంచాడు నీళ్లు పోయండి. కొద్ది సెకన్లలో ఇంకిపోతే ప్యాడ్ బాగానే ఉన్నట్టు. ముత్యాల్లా నిలిచి దొర్లిపోతే పోగుకు ఏదో పూత పట్టింది. పాకెట్ లోపల ఒంటికి తగిలే ఫ్లీస్ అనే మెత్తటి పాలిస్టర్ గుడ్డ మాత్రం కొత్తదైనా కొంచెంసేపు నిలుపుతుంది. వేలితో నొక్కితే దిగిందంటే దానికి దోషం లేదు.

ప్యాడ్లనే, కవర్లను కాదు, వేడినీళ్లతో ఒకసారి మామూలుగా ఉతికి జాడించండి. పది లీటర్ల గోరువెచ్చని నీళ్లలో పెద్ద చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి ప్యాడ్లు అరగంట నానబెట్టండి. సున్నం కరుగుతుంది. మూడుసార్లు జాడించి, మళ్లీ సర్ఫుతో వేడినీళ్ల ఉతుకు వేయండి. ఇంకా వాసన ఉంటే రెండు మూడు రోజులు ఆగి ఇంకోసారి. ఒక హెచ్చరిక: నిమ్మ ఉప్పు వాడిన బకెట్లో బ్లీచింగ్ వేయకూడదు, మూత్రంతో ఉన్న డైపర్ల మీద కూడా వేయకూడదు. రెండు చోట్లా ఊపిరాడనివ్వని విషవాయువు పుడుతుంది.

రోజూ ఉతుకులో మార్చాల్సినవి ఉన్నాయి. తీసిన వెంటనే చల్లటి నీళ్లతో ఒకసారి జాడించి పిండి, గాలి ఆడే బుట్టలో వేయండి. రాత్రంతా నీళ్లలో నానబెట్టడం వల్ల మురుగు వాసన పెరగడం, ఎలాస్టిక్ వదులవడం తప్ప లాభం లేదు. డైపర్లకు సర్ఫు చిటికెడు చాలని ఎవరో చెప్పగా చాలామంది అదే పట్టుకున్నారు. మెత్తటి నీళ్లకు అది సరిపోతుందేమో గానీ బోరు నీళ్లకు చాలదు. సబ్బులో కొంత భాగాన్ని ఆ ఉప్పులే మింగేస్తాయి. పెద్దల మురికి బట్టలకు వేసేంత వేయండి, దానితో పాటు బకెట్‌కు చెంచాడు బట్టల సోడా కలపండి. నురగ బాగా రావాలి. చివరికి జాడించిన నీళ్లలో నురగ ఉండకూడదు. ఈ రెండూ కుదిరితే సర్ఫు సరిపోయినట్టే. వీలైతే ఆఖరి జాడింపు ఒక్కటి బోరు నీళ్లతో కాకుండా మిషన్ భగీరథ నల్లా నీళ్లతో చేయండి. అవి కృష్ణా నీళ్లు, సున్నం తక్కువ. బట్టలు మెత్తగా ఉండాలని, మంచి వాసన రావాలని వేసే కండిషనర్ డైపర్ల దరికి రానీయొద్దు. మెత్తదనం అంటే పోగు మీద పూతే. డెట్టాల్ కూడా రోజూ అక్కర్లేదు, సరిగా జాడించకపోతే పసిచర్మం మండుతుంది. క్రిములకు వేడినీళ్లు, ఎండ చాలు.

కానీ ఎండకూ హద్దుంది. మే నెలలో 44 డిగ్రీలు కాసే మన ఎండలో ప్యాడ్లు గంటన్నరలో ఎండిపోతాయి, పసుపు మరకలు వాటంతటవే పోతాయి. కవర్లను మాత్రం నీడలో ఆరేయండి. వాటిలో నీళ్లు ఆపే పలుచటి పియుఎల్ పొర ఉంటుంది. కాలుతున్న రేకు మీదో, స్లాబు మీదో పరిస్తే పొర బుడగలొచ్చి ఊడిపోతుంది, ఎలాస్టిక్ సాగిపోతుంది. ఉడకబెట్టడం, ఇస్త్రీ చేయడం కవర్లకు అసలే కూడదు. నూలు ప్యాడ్లను ఉడకబెట్టవచ్చు, మైక్రోఫైబర్‌ను, వెదురును వద్దు.

పాపకు పది నెలలు. పగలు బాగనే ఉంటది. రాత్రి తొమ్మిదికి పడుకుంటే పొద్దున ఆరింటికి లేస్తది, పరుపంతా తడి. రాత్రి పాలు తగ్గియ్యాల్నా?
– ఒక తల్లి, జడ్చర్ల

పాలు తగ్గించకండి. తగ్గించాల్సింది డైపర్ మీద మీరు పెట్టుకున్న ఆశ.

తొమ్మిది కిలోల పాప తొమ్మిది గంటల్లో 160 నుంచి 240 మి.లీ. దాకా పోయగలదు, ఎక్కువ పోసే పిల్లలైతే ఇంకా పైకి. పగటి డైపర్ దీనికి సరిపోదు. దుకాణంలో దొరికే వాడి పారేసే డైపర్‌లో మూత్రాన్ని జిగురులా మార్చి పట్టే పొడి ఉంటుంది, నొక్కినా వదలదు. గుడ్డకు ఆ శక్తి లేదు, మందంతోనే నెట్టుకురావాలి. రాత్రికి ఏం పెట్టాలో కొనకముందే లెక్కగట్టండి. ఒక్కో ప్యాడ్‌ను నీళ్లలో ముంచి, తీగ మీద వేలాడదీసి, చుక్కలు ఆగాక తూచండి. పొడి బరువు తీసేయండి. మిగిలిన అంకెలో మూడింట రెండొంతులే లెక్కలోకి తీసుకోండి, పాప బరువు మీద పడితే మిగతాది కారేదే. ఇలా అన్ని పొరలవి కలిపి మీ పాప రాత్రి లెక్కను దాటాలి. 240 కావాలంటే వేలాడదీసినప్పటి మొత్తం 360 మి.లీ. ఉండాలి.

పాకెట్ డైపర్ కంటే రాత్రికి ఫిట్టెడ్ రకం మేలు. అందులో నడుం చుట్టూ, అంచుల దాకా మొత్తం తాగే గుడ్డే ఉంటుంది, ఏ పక్క దొర్లినా అక్కడ పట్టుకుంటుంది. దాని మీద విడిగా పియుఎల్ కవర్. లోపల మధ్యలో నూలు లేదా వెదురు ప్యాడ్, దాని కింద హెంప్ బూస్టర్, ఒంటివైపు పలుచటి ఫ్లీస్ ముక్క. ఉన్ని కవర్లు గొప్పవని విదేశాల్లో అంటారు. మన వేడికి అవి కుదురుతాయో లేదో తెలియకుండా డబ్బు దాని మీద పెట్టొద్దు. మీరు పడుకోబోయే ముందు, పదిన్నర పదకొండుకు, లైటు వేయకుండా ఒకసారి మార్చగలిగితే సగం భారం తగ్గుతుంది. ఇంత చేసినా నాలుగింటికే తడుస్తుంటే రాత్రి ఒక్కదానికీ దుకాణపు డైపర్ వేయండి. పగలు ఏడు గుడ్డవి వాడి రాత్రి ఒకటి వాడితే తప్పేముంది?

ఒక్క మాట. రోజంతా తూచి చూస్తే కిలో బరువుకు గంటకు 5 మి.లీ. దాటుతూ, పాప ఎప్పుడూ దాహంతో అల్లాడుతూ, బరువు పెరగకపోతే అది డైపర్ల విషయం కాదు, పిల్లల డాక్టరుకు చూపించండి. ఎండాకాలంలో దానికి ఎదురుది కూడా గమనించండి. 24 గంటల్లో ఆరుకన్నా తక్కువసార్లు తడిపితే ఒంట్లో నీరు చాలడం లేదేమో చూడాలి.

మా కోడలు ఒక్కో డైపర్‌కు వందలు పోస్తుంది. మా పిల్లలందరూ పాత చీర గుడ్డల మీదనే పెరిగిండ్రు. చీరలు పనికిరావా?
– ఒక నానమ్మ, నారాయణపేట

భేషుగ్గా పనికొస్తాయి నానమ్మా. ఎక్కువ పోసే పిల్లలకు మేము మొదట చెప్పేది కూడా అదే. మీ ఊరి నూలు చీర పాతబడ్డదంటే దాని మైనమంతా ఎప్పుడో వదిలిపోయి ఉంటుంది, కొత్త ప్యాడ్ కన్నా ముందు తాగుతుంది. చిక్కల్లా గుడ్డలో కాదు, పైన నీళ్లాపే కవర్ లేకపోవడంలో. మీ కోడలు కొన్న కవర్, మీ చీర గుడ్డ కలిస్తే ఇద్దరి మాటా నెగ్గుతుంది.

చీర నిజంగా నూలుదేనా అని ఒక పోగు తీసి కాల్చి చూడండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే నూలు. కరిగి గట్టి ఉండ కడితే పాలిస్టర్, అది వద్దు. గంజి పెట్టిన చీరైతే వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి గంజి వదిలించండి. జరీ అంచు కోసేయండి, పసిచర్మాన్ని గీరుతుంది. రంగు వదిలే చీర కూడా వద్దు. ఐదున్నర మీటర్ల చీరను మీటరు చొప్పున కోస్తే ఐదు ముక్కలొస్తాయి. ఒక్కో ముక్కను రెండు వైపులా సగానికి మడిస్తే నాలుగు పొరలు, సుమారు 57 సెంటీమీటర్ల వెడల్పు, 50 పొడవు. వెడల్పును మూడు మడతలు చేస్తే 19 సెంటీమీటర్ల పట్టీ, 12 పొరలు. పొడవులో 15 సెంటీమీటర్లు వెనక్కి మడిస్తే మిగిలేది 35, కవర్‌లో సరిగ్గా కూర్చుంటుంది. ఆ మడిచిన చోట 24 పొరలు. మనవడైతే మడత ముందుకు, మనవరాలైతే మధ్యకు జరపండి. ఉతికాక విప్పి ఆరేస్తే ఒంటి పొరే కాబట్టి అరగంటలో ఆరుతుంది. వానాకాలంలో కుట్టిన మందపు ప్యాడ్లు రెండ్రోజులైనా ఆరక ముక్కవాసన వస్తుంటే ఇవే ఆదుకుంటాయి.

ఎర్రగా పొక్కింది, కొబ్బరినూనె రాస్తున్నం. అప్పటినుంచి డైపర్ కారుతుంది.
– ఒక తల్లి, గద్వాల

నూనె ఒంటి నుంచి గుడ్డకు అంటి పూతలా పడుతోంది. జింక్ క్రీము ఇంకా మొండిది. క్రీమో నూనెనో రాసిన రోజుల్లో డైపర్ లోపలివైపు, ఒంటికి తగిలేలా పలుచటి నూలు గుడ్డ ముక్క వేసి, దాన్ని విడిగా ఉతకండి. జిడ్డు పట్టిన డైపర్‌ను గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి వేడినీళ్లలో రుద్దితే వదులుతుంది. పౌడరు అద్దడం మానేయండి, పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రతి రెండు గంటలకూ, దొడ్డికి పోతే వెంటనే మార్చండి, రోజుకు రెండుసార్లు అరగంట ఏమీ వేయకుండా వదిలేయండి. గజ్జ మడతల్లో మెరిసే ఎరుపు, చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు కనబడితే అది ఫంగస్. దానికి డాక్టరు రాసిన మందే కావాలి.

మొత్తం ఎన్ని కొనాలె? బాబు వచ్చే నెల పుడతడు.
– ఒక తండ్రి, వనపర్తి

పుట్టగానే రోజుకు పది పన్నెండు మారుతాయి. మొదటి మూడు నెలలకు చీర గుడ్డలు పాతిక, చిన్న కవర్లు నాలుగు చాలు. పెద్ద సైజువి తొడ దగ్గర నిలవవు. తర్వాత పగలు ఏడు, రాత్రి ఒకటి లెక్కన రోజు మార్చి రోజు ఉతికితే పదహారు నుంచి పద్దెనిమిది. అన్నీ ఒకే రకం ఒకేసారి కొనొద్దు. రెండు పాకెట్లు, రెండు ఫిట్టెడ్లు, మూడు కవర్లు కొని నెల రోజులు బాబు తొడలకు ఏది కుదురుతుందో చూసి మిగతావి తీసుకోండి. మూత్రమే అయితే కవర్‌ను తుడిచి, ఆరనిచ్చి మళ్లీ వేయొచ్చు. దొడ్డి అంటితే ఉతకాల్సిందే.